కాలవగట్టు మీద నీటిపిల్లి

ఆ రోజుకి శారోన్ టీచర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రాజోలు దగ్గర తమ హైస్కూల్లో జూ వాళ్ళ ప్రదర్శన జరగాలి. పిల్లలంతా నీటిపిల్లి బొమ్మ చుట్టూ కూర్చోవాలి. జూ నుంచి వచ్చిన గాయత్రి మేడం మాట్లాడాలి. "బోనులో చూసి ముచ్చటపడే జనమే, గట్టు మీద కనిపిస్తే కర్ర తీస్తారండీ. అది మీ కాలవల్లో చేపలు పట్టుకుని బతికే జీవమని పిల్లలకి తెలియాలి," అని ఆవిడ ముందే చెప్పింది.

జూ వ్యాను ఇరుకు వంతెన దాటలేకపోయింది. దాంతో బొమ్మని నాగసతీష్ ఆటో మీద కట్టించి, గాయత్రి మేడంని వెనక ఎక్కించుకుని శారోన్ స్కూటీ మీద ముందు వచ్చేసింది. ఆ బొమ్మ మామూలు పిల్లి కంటే పెద్దది, ఒంటినిండా మచ్చలు, అచ్చం ప్రాణమున్నట్టే ఉంటుంది. జూ వాళ్ళ దగ్గర ఉన్నది ఆ ఒక్కటే.

"జాగ్రత్త నాగసతీష్!"

"ఆయ్, గీత కూడా పడనివ్వనండీ."

ఆటో స్కూలు గేటు ముందు ఆగేసరికి పైన తాడు మాత్రమే ఉంది.

శారోన్ ఆ తాడు లాగి చూసింది. గాయత్రి మేడం మొహం చూసే ధైర్యం లేక స్కూటీ వెనక్కి తిప్పింది. దారిలో ఫోను మోగుతూనే ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపులో మొదట 'గట్టు మీద ఏదో జంతువు' అన్నారు. తరవాత అది చిరుతయింది. వంతెన చేరేసరికి రెండు పులులయ్యాయి. బొమ్మని చితక్కొట్టేస్తారేమోనని ఆమె స్కూటీ వేగం పెంచింది.

చిన్నబ్బాయిగారి కొబ్బరితోట దగ్గర గట్టునిండా జనం. చేతుల్లో కర్రలు, కొబ్బరికాయలు కోసే దోటీలు. నీటి వైపు కూడా మనుషులే. మధ్యలో ఒలిచేసిన కొబ్బరి డొక్కల కుప్ప పక్కన మచ్చల ఒళ్ళు కనిపించగానే శారోన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"కొట్టకండి! ఆగండి!"

తోటలో పనిచేసే బుచ్చమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "దగ్గరికెళ్ళకండి టీచరుగారూ, పులండి బాబూ!"

"పులి కాదండీ, మా స్కూలు బొమ్మ. ఆటో మీంచి పడిపోయింది."

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వేశారు. కర్రలు దిగాయి. శారోన్ దర్జాగా కుప్ప దగ్గరికి నడిచి, బొమ్మ ఎత్తడానికి వంగింది. అప్పుడే ఫోను మోగింది.

"కంగారు పడకండి," అంది గాయత్రి మేడం. "బొమ్మ దొరికిందండీ. ఎవరో ట్రాక్టరు మీద తెచ్చి స్కూల్లో దింపేరు."

శారోన్ చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఎదురుగా మీసాలు వణుకుతున్నాయి. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. తనకంటే అదే ఎక్కువ భయపడుతోంది. అరిస్తే కర్రలు మళ్ళీ లేస్తాయి. పరుగెత్తినా అంతే.

ఆమె మెల్లగా ఒక్కో అడుగే వెనక్కి వేసింది. "జూ వాళ్ళ సామానండీ... ఎవరూ ముట్టుకోకూడదంట. నీటి వైపున్నవాళ్ళు కాస్త పక్కకి తప్పుకోండి."

"ఎందుకండీ?" అన్నారు చిన్నబ్బాయిగారు.

"గాలి తగలాలంటండీ."

జనం తప్పుకున్నారు. బుచ్చమ్మ కళ్ళు చికిలించింది. "తోక కదిలిందేంటండీ?"

"బేటరీ అండీ," అంది శారోన్. చర్చిలో సండే స్కూలు చెప్పే మనిషి, అంత చక్కగా అబద్ధమాడగలనని ఆమెకే తెలీదు.

"గుర్రుమంటోంది కూడానండీ!"

"అదీ బేటరీయే."

నీటిపిల్లి ఒక్క గెంతు గెంతి కాలవలో పడింది. తల పైకెత్తి చకచకా ఈదుకుంటూ అవతలి గట్టెక్కి, తుంగలో మాయమైపోయింది. శారోన్ డొక్కల కుప్ప మీద కూలబడింది. ఇక నిజం చెప్పేసి, ప్రదర్శన ఇక్కడే మొదలుపెడదామని నోరు తెరిచింది.

చిన్నబ్బాయిగారు దోటీ భుజానికి ఆనించుకుని అవతలి గట్టుకేసి చూశారు.

"గవర్నమెంటు సామాను ఇంత బాగా పనిచెయ్యడం నేనిదే చూట్టమండీ," అన్నారు.