ఏలినవారి కంటే ఎత్తైన తల

నిగోరి నది పొంగి కోట వంటశాలను గిన్నెలతో సహా ఊడ్చుకుపోయిన ఏడు అది. వరదలు వస్తాయి, పోతాయి. మర్యాద మాత్రం నిలవాలి. మా సంస్థానం దాని మీదే నిలబడింది. (వంగి ఉంది అనాలి. నిలబడటం నేరం.)

చట్టం చిన్నదే. ఏ సామురాయి తలా ఏలినవారి తల కంటే ఎత్తున ఉండరాదు. ఆయన కూర్చుంటే మేం వంగుతాం. ఆయన పడుకుంటే నేలకు నుదురు ఆనిస్తాం. ఏలినవారు పొట్టి మనిషి. అందుకని మా కొలువులో నడుం నొప్పి లేనివాడు కనిపిస్తే కొత్తగా చేరాడని తెలిసిపోతుంది.

ఈ ఎత్తులు చూడటానికి తలయెత్తుల కచేరీ ఉంది. దాని అధికారి సోహే. చేతిలో వెదురు కొలబద్ద. నడుముకు కత్తి కూడా ఉంది గానీ, తుప్పు పట్టి ఒరలోంచి రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

సోహేకి ఉన్న ఒకే ఒక్క బాధ అంగరక్షకుడు గెంపాచి. మంచి కత్తి, చెడ్డ సరదాలు. సోహే చెప్పుల్లో బతికున్న పీతల్ని పెట్టేవాడు. ఏలినవారి టీలో ఉప్పు కలిపి, ఆయన మొహం వంకర తిరుగుతుంటే చేతులు కట్టుకుని వినయంగా చూసేవాడు. అయితే ఆ టీని విషం ఉందేమోనని ముందు తానే తాగేవాడు. తనకు ఒళ్ళు కాలే జ్వరం వచ్చినా ఏలినవారి గుమ్మం వదల్లేదు. బయటివాడెవడైనా ఏలినవారిని పొట్టి అన్నాడో, వాడి జుట్టుముడి నేల మీద ఉండేది.

"ఆయన్ని ఏడిపించే ఉద్యోగం నాది. ఇంకొకడికి ఇవ్వను" అనేవాడు.

వరద చూద్దామని ఏలినవారు కోట కందకం గట్టెక్కారు. గట్టు జారింది. ఏలినవారు వరద నిండిన కందకంలో పడ్డారు. నీళ్ళ మీద ముక్కు మాత్రం మిగిలింది.

ఆయన తల అంత కిందికి దిగాక మా తలలు పైన ఉంటే ఏం బాగుంటుంది?

"వంగండి" అన్నాడు సోహే.

కొలువంతా బురదలో బోర్లా పడింది. అందరికంటే ముందు సోహే. ముక్కులోకి బురద పోతున్నా, ఇంకా జానెడు ఎత్తున ఉన్నానే అని సిగ్గుపడ్డాడు. అందరి మొహాలూ బురదలోనే కనుక తర్వాత జరిగింది మేం విన్నదే, చూసినవాడు లేడు.

"ఏలినవారూ, నీళ్ళు చల్లగా ఉన్నాయా?" గెంపాచి గొంతు.

"గెం..."

"ఇంకోసారి మునగండి. ఇందాక సరిగ్గా చూడలేదు."

ఆ తర్వాత దూకిన చప్పుడు. కొట్టుకొచ్చిన దుంగ ఒకటి దేనికో తగిలిన చప్పుడు. దుంగ తగిలింది గెంపాచి భుజానికని తర్వాత తెలిసింది. ఎముక విరిగింది. రెండో చేత్తో ఏలినవారిని జుట్టుముడి పట్టుకుని గట్టు మీదికి లాగాడు.

సాయంత్రం గెంపాచి తెల్లబట్టలు కట్టుకుని కచేరీకి వచ్చాడు. తన పొట్ట తానే కోసుకుని చావాల్సినవాళ్ళు కట్టే బట్టలవి.

"గట్టు మీద నా తల ఏలినవారి తల కంటే నిలువెత్తు పైన ఉండింది. దానికి శిక్ష ఇదే కదా. రేపు పొద్దున్నే కానిద్దాం."

"ఎవరూ చూడలేదు కదయ్యా."

"చట్టం ఏలినవారిది. నా కోసం వంచితే ఆయన మాట చులకనవుతుంది. అన్నట్టు, నేను పొట్ట కోసుకున్నాక వెనక నిలబడి తల నరకడానికి ఒకరు కావాలి. మీ పేరిచ్చాను."

"నేను చేప తల కూడా కొయ్యలేనయ్యా."

"తెలిసే ఇచ్చాను. చేతులు వణికితే నాలుగైదు దెబ్బలు పడతాయి. పడనివ్వండి. నేను వెనక్కి తిరిగి మీ మొహం చూస్తుంటాను."

సోహే కూర్చుని చట్టాన్ని మొదటినుంచీ చదివాడు. గెంపాచి ప్రాణం కోసమని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. నిజానికి తన చేతుల కోసం. చివర్న దొరికింది: కొలబద్దను నేలకు ఆనించి కొలవాలి.

పెద్దల సభలో మనవి చేశాడు. నీళ్ళలో ఉన్నంతసేపు ఏలినవారు నేల మీద లేరు. కొలతకు అందలేదు కనుక చట్టప్రకారం ఏలినవారు అక్కడ లేరు, కాబట్టి కొలువూ జరగలేదు. కొలువు లేదు కనుక నేరమూ లేదు. పెద్దలు తలలు ఊపారు (ఊపదగినంత మేర). గెంపాచి బయటికి లాగింది ఎవరినో కచేరీకి తెలియదు గనుక బహుమతి కూడా లేదని తీర్పయింది.

దుప్పటి కప్పుకుని తుమ్ముతున్న ఏలినవారు అడిగారు. "మరి నేనెక్కడున్నట్టు?"

"విచారణలో ఉంది, ప్రభూ" అన్నాడు సోహే.

గెంపాచి మొహం మాడింది. "చావొద్దని ఏలినవారి ఆజ్ఞేనా?"

"ఆజ్ఞే. నేను మళ్ళీ పడితే లాగేదెవరు? వీళ్ళంతా బురదలో ఉంటారు."

ఆ మాటతో పెద్దలకు లోపం తెలిసింది. ఏలినవారు మళ్ళీ పడితే కొలువు ఆయనకంటే కింద ఉండటానికి చోటేదీ? కందకం కంటే లోతుగా గట్టున ఒక గొయ్యి ఉండాలన్నారు. తవ్వాల్సింది తలయెత్తుల అధికారి.

మర్నాడు పొద్దున సోహే చెప్పులోంచి పీతను తీసి పక్కన పెట్టి, పంచె ఎగగట్టి, పార పట్టుకుని గట్టుకు వెళ్ళాడు. గెంపాచి అప్పటికే అక్కడ ఉన్నాడు. విరిగిన చేతికి కట్టు, రెండో చేతిలో సోహే కొలబద్ద.

"ఇంకాస్త లోతు, సోహే గారూ. ఏలినవారు పొట్టి, మర్చిపోకండి."

సోహే తవ్వాడు. నడుం దాకా నీళ్ళు ఊరాక పార పక్కన పెట్టి, ఏలినవారి మేడ వైపు తిరిగి, పద్ధతి ప్రకారం వంగాడు. నీళ్ళ మీద ముక్కు మాత్రం మిగిలింది.

కొలత సరిపోయింది.