బ్రోకర్ లేకుండా ఇల్లు కొన్న సత్యవ్వ

సకల జనుల సమ్మె ఉధృతంగా సాగుతున్న రోజుల్లో కోరుట్ల పట్టణంలో ఒక ఘోరం జరిగిందని తెలియజేయడమైనది. ఇల్లు అమ్మే మనిషి, ఇల్లు కొనే మనిషి ఒకే చాప మీద కూర్చుని, మధ్యలో ఎవరూ లేకుండా, చాయ్ చల్లారేలోపు బేరం కుదుర్చుకున్నారు.

కొన్న మనిషి సత్యవ్వ. బీడీలు చుట్టి బతికింది. పెళ్లయి వచ్చిన నాటి నుంచి కిరాయి ఇళ్లే. యజమాని కొడుక్కి పెళ్లి కుదిరితే ఖాళీ చేసింది, గోడలకు సున్నం వేస్తామంటే ఖాళీ చేసింది. ప్రతిసారీ బీడీల చాట చంకన పెట్టుకుని, పక్కింటి ఆడవాళ్లను పట్టుకుని ఏడ్చి, బయల్దేరింది. కొత్త ఇంట్లో సామాను పూర్తిగా విప్పడం ఏనాడో మానేసింది. ఇప్పుడున్న ఇల్లు కూడా దసరాకు ఖాళీ చేయమన్నారు. పొమ్మనే హక్కు ఎవరికీ లేని ఒక గుమ్మం లోపల కన్ను మూయాలన్నది ఆమె కోరిక. బీడీలు చుట్టే మనిషికి ఇది కాస్త పెద్ద కోరికే.

అమ్మిన మనిషి వెనక వీధి ఖుర్షీద్. సిరిసిల్లలో ఉన్న కూతురు అస్మా దగ్గరికి పోతోంది.

"కప్పు కారుతది సత్యవ్వా, ముందే చెప్తున్న," అంది ఖుర్షీద్.

"కారని ఇల్లు నాకు అలవాటు లేదు ఆపా."

"వంటింట్ల తేళ్లు ఎల్తయ్."

"ఎల్లనీ. గవి నన్ను ఖాళీ జెయ్యమనయ్ గద."

ఇళ్ల క్రయవిక్రయాల చరిత్రలో అమ్మేవారు నిజం చెప్పడం, కొనేవారు వంక పెట్టకపోవడం ఇదే మొదటిసారి. ఇక రిజిస్ట్రేషనే మిగిలింది. సమ్మె వల్ల ఆఫీసు మూసి ఉంది. తెరిచేదాకా ఆగుదామనుకున్నారు.

ఆ రోజుల్లో ప్రతి వృత్తికీ ఒక జేఏసీ ఉండేది. క్షురకులకు ఉంది, వకీళ్లకు ఉంది, టెంట్ హౌసుల వారికి ఉంది. ఇళ్ల బ్రోకర్లు కూడా జేఏసీ పెట్టుకుని సమ్మెలోకి దిగారు. రిజిస్ట్రేషన్లు లేక బేరాలే రాని కాలంలో ఇకపై బేరాలు చేయబోమని వారు చేసిన ప్రకటనను అందరూ మహాత్యాగంగా కొనియాడారు. పొద్దున దండలు వేయించుకుని దీక్షలో కూర్చునేవారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవారు. మధ్యలో టెంటు వెనక మిర్చీ బజ్జీలు ఉండేవి. అవి దీక్ష కిందికి రావు.

చాప మీది బేరం సంగతి తెలిసి, జేఏసీ అధ్యక్షుడు జనార్దన్ మైకు అందుకున్నాడు.

"అన్నలారా, అక్కలారా. మేము కడుపు మాడ్చుకోని సమ్మె జేస్తుంటే ఇద్దరు ఆడోళ్లు మా ఎనుక బేరం చేసుకున్నరు. గిది బ్రోకర్ల సమస్య కాదు, ఆత్మగౌరవ సమస్య. ఇయ్యాల బ్రోకర్ లేకుంట ఇల్లు కొంటరు. రేపు పెద్దమనిషి లేకుంట పెండ్లి జేస్తరు. ఎల్లుండి ఎవల్ని అడగకుంట ఓటేస్తరు. గప్పుడు సమాజం ఏం గావాలె?"

జనం చప్పట్లు కొట్టారు. సత్యవ్వ ఖుర్షీద్ వైపు తిరిగింది.

"నేను జై తెలంగాణ అన్న గద ఆపా. గట్టిగనే అన్న."

"నేను ఇన్న," అని ఖుర్షీద్ సాక్ష్యం చెప్పింది. కానీ ఆమె అమ్మిన మనిషి కాబట్టి సాక్ష్యం చెల్లలేదు.

బట్టల దుకాణం దుర్గయ్య పట్టణం పరువు కాపాడటానికి ముందుకొచ్చి, ప్రత్యక్ష కొనుగోలు పరిరక్షణ కమిటీ వేశాడు. ఇద్దరి మధ్యా మూడో మనిషి దూరకుండా చూడటం కమిటీ విధి. అందుకోసం సభ్యులు ఇద్దరి మధ్యా కూర్చున్నారు. ఇకమీదట వారు నేరుగా మాట్లాడుకోరాదని, మాటలన్నీ కమిటీ ద్వారానే పోవాలని తీర్మానించారు. "ఆపా, తిన్నవా?" అని సత్యవ్వ అడిగితే, దుర్గయ్య దానిపై చర్చ జరిపి, "అమ్మకందారుకు భోజనమైనదా?" అని సవరించి అవతలికి పంపాడు. కాలేదని జవాబు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది.

కమిటీలో తమకు ప్రాతినిధ్యం లేదని బ్రోకర్లు ఆందోళన చేశారు. న్యాయమైన డిమాండే. ఎవరు బ్రోకరో గుర్తుపట్టాలంటే అనుభవం ఉన్నవారు కావాలి కదా. జనార్దన్‌ను నిపుణుడి హోదాలో తీసుకున్నారు.

అంతలో వాన పట్టింది. టెంటు కూలింది. ఇల్లు అమ్మిన మనిషిదీ కాదు, కొన్న మనిషిదీ ఇంకా కాలేదు కనుక ప్రస్తుతానికి ప్రజలదని కమిటీ తేల్చి, దీక్షా శిబిరాన్ని లోపలికి మార్చింది. వంటింట్లో వంటా వార్పూ మొదలైంది. తేళ్లు ఖాళీ చేశాయి. దసరాకు సత్యవ్వ కిరాయి ఇల్లు వదిలి వచ్చి, కట్టిపెట్టిన పెట్టెల పక్కన ఖుర్షీద్‌తో కలిసి ఆ ఇంటి అరుగు మీద పడుకుంది. మధ్యలో కమిటీ సభ్యుడొకరు పడుకున్నారు.

చివరికి సమ్మె ముగిసింది, ఆఫీసు తెరిచారు, ఇల్లు సత్యవ్వ పేరు మీదికి మారింది. కాగితం కొంగున పెట్టుకుని ఆమె ఖుర్షీద్‌ను సిరిసిల్ల బస్సు ఎక్కించడానికి పోయింది.

"ఎప్పుడు పోయేదాన్ని నేనే ఆపా. పంపుడు నాకు రాదు," అంది.

"ఏం లేదే. బస్సు కదిలినంక ఇంటికి పో," అంది ఖుర్షీద్. "ఇప్పుడు నీకు ఇల్లుంది."

బస్సు కదిలింది. సత్యవ్వ ఇంటికి వచ్చింది. లోపల కమిటీ చాయ్ తాగుతోంది.

"ఇల్లు నీదే అవ్వా. ఎవలు గాదన్నరు?" అన్నాడు దుర్గయ్య, గుమ్మంలో నిలబడి. "గని మేము ఖాళీ జెయ్యాల్నంటే ఒక పద్ధతుంటది. నువ్వే అచ్చి మొఖం మీద అడిగితే ఎట్ల? ఎవలన్న మనిషిని పెట్టి అడిగియ్యి."

ఆయన వెనక నుంచి జనార్దన్ వినయంగా దగ్గాడు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. సత్యవ్వ మాత్రం ఇంకా అరుగు దాటి లోపలికి పోలేదు. ఈ సంగతి చదివి మీరు అయ్యో అన్నారు, సంతోషం. అయితే ఆ కమిటీలో మీకు తెలిసినవారు ఒక్కరైనా ఉండకపోరు. కాస్త చెప్పించి చూడండి. ఎవరిచేత చెప్పించాలో మీకు తెలియనిది కాదు.