అవ్వ ఫొటోకు అనుమతి

మానవజాతి ఫొటోలను ట్రంకు పెట్టెల్లో దాచడం మానేసి మబ్బుల్లో దాచడం మొదలుపెట్టడంతో నాగరికత పరిపూర్ణమైంది. పెట్టెకు తాళం చెవి ఒక్కటే. మబ్బుకు పాస్‌వర్డు, ఓటీపీ, అనుమతి, ఆపైన నెట్ కావాలి (బాన్సువాడలో వానపడితే నెట్ పోతుంది, అసలు మబ్బులుంటే ఈ మబ్బు పనిచేయదన్నమాట).

ముత్తెన్న అవ్వ (తల్లి) గంగమణి పోయి తొమ్మిది రోజులైంది. ఎల్లుండి పదకొండో దినం. దండ వేయడానికి ఫొటో లేదు. ఆధార్ కార్డు మీద ఒకటుంది గానీ, అది ఆమేనని ప్రభుత్వం తప్ప ఎవరూ నమ్మరు. నిరుడు తన కూతురు పెళ్లిలో అవ్వ బోసినోటితో నవ్విన ఫొటో ఒకటి ముత్తెన్నకు బాగా గుర్తు. అది నాలుగువేల ఎనిమిదివందల ఫొటోలతో పాటు ఒక లింకులో ఉంది.

పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియోకే వెళ్లి కూర్చుని లింకు నొక్కాడు. 'మీకు అనుమతి లేదు, కోరండి' అంది. కన్నతల్లిని చూసుకోవడానికి అనుమతి కోరాడు. ఆ అర్జీ పక్క కుర్చీలో చాయ్ తాగుతున్న ఫొటోగ్రాఫర్ ఇజాజ్‌కు చేరాలి.

"నీ ముందల్నే ఉన్న గదా, ఇయ్యరాదు," అన్నాడు ముత్తెన్న.

"మెయిల్ రావాలె అన్నా. నోటిమాట నడ్వది. ఆల్బం సెలెక్షన్ అయినంక అందరి పర్మిషన్లు బంద్ చేసిన."

మెయిల్ వచ్చింది. అనుమతీ వచ్చింది. ఫొటోలు పదకొండు జిప్ మూటలుగా దిగుతాయని, ఫోన్‌లో జాగా లేదని కూడా వచ్చింది. ముత్తెన్న రెండేళ్ల వాట్సాప్ శుభోదయాలను, పూలతో సహా, చెరిపేశాడు. సాయంత్రానికి మూటలన్నీ దిగాయి. పెళ్లికొచ్చిన ప్రతివాడూ దిగాడు, అవ్వ తప్ప.

"ఆల్బంకు రెండొందల ఫొటోలే అన్న గదా," అన్నాడు ఇజాజ్ నసుగుతూ. "సెలెక్షన్ల మీ రెండిండ్లోళ్లల్ల ఎవలో అక్కరలేదని లింకులకెల్లే తీసేసిండ్రు. నా కెమెరా కార్డు సుత తుడ్చి ఇంకో పెండ్లికి వాడిన."

ముత్తెన్న ఒళ్లు మండిపోయింది. వెంటనే వియ్యంకుడు రవికుమార్‌కు ఫోన్ చేశాడు.

"బావా, మా అవ్వ మీకు అక్కర్లేకపాయెనా? మీ దిక్కోళ్లకు జాగ కావాల్నని మా అవ్వను తీసేస్తరా?"

రవికుమార్ జవాబు చెప్పేలోపే పెట్టేశాడు. అప్పుడు ఇజాజ్ కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పాడు. ఎవరు ఏ ఫొటో తీసేశారో వరసగా ఉంది. అవ్వ ఫొటోకు ఎదురుగా 'ముత్తెన్న' అని ఉంది.

గుర్తొచ్చింది. సర్పంచ్‌తో దిగిన ఫొటోకు చోటు చాల్లేదు. అవ్వ ఇంట్లనే ఉంటది గదా, రోజు సూస్తనే ఉన్నం అనుకుని, ఆల్బంలోంచే పోతుందని చెత్తబుట్ట గుర్తు నొక్కాడు. ఇప్పుడు అదే తెర మీద 'తిరిగి తెప్పించు' నొక్కాడు.

కింద చిన్న అక్షరాల్లో వ్యవస్థ మర్యాదగా చెప్పింది: 'ముప్పై రోజుల గడువు ముగిసింది. ఈ ఫైలు గురించిన వివరాలకు తొలగించిన వ్యక్తిని సంప్రదించండి.'