మామా బదులు మునిలక్ష్మి తూకం

మానవజాతి సముద్రాన్ని ఎప్పుడో జయించింది. తన బరువెంతో నలుగురిలో చెప్పే ధైర్యం మాత్రం ఇంకా సంపాదించుకోలేదు. కువైట్‌లో ఒక పెద్దింటివారు వేక్‌సర్ఫ్ బోర్డు కొనబోయేసరికి ఈ లోపం బయటపడింది. (పడవ వెనక లేచే అలమీద నిలబడడానికి వాడే పలక అది. నేలమీద నిలబడడం అందరికీ వచ్చేసింది కనుక అవసరమైంది.)

ఆ ఇంట్లో వంటపని చేసే మునిలక్ష్మిది రాయచోటి పక్క పల్లె. కూతురు గంగాదేవికి నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పుకు దగ్గర ఉండాలని తల్లి ప్రాణం కొట్టుకుంటోంది. సెలవు అడిగితే యజమానురాలు మామా (అక్కడ పనివాళ్లు ఇంటావిడను మామా అని, ఇంటాయనను బాబా అని పిలుస్తారు), "ముందు బోర్డు పని ఖలాస్ కానీ, తర్వాత పోదువు" అంది.

దజీజ్ బజారులోని బోర్డుల దుకాణం నియమం స్పష్టంగా ఉంది. కొత్తగా నేర్చుకునే కుటుంబమంతటికీ ఒకటే బోర్డయితే, ఇంట్లో అందరికంటే బరువైన మనిషికి తగినది తీసుకోవాలి. ఆ మనిషి ఎవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరూ మామా వైపు చూడలేదు.

ఇంటాయన బాబా (ఉద్యోగమంతా ఉపసంఘాల్లోనే గడిపిన మనిషి) మార్గం కనిపెట్టాడు. మామా పాత గౌన్లు మునిలక్ష్మికి అతికినట్టు సరిపోతాయి. కాబట్టి ఇకమీదట మునిలక్ష్మి బరువే మామా అధికారిక బరువు.

దుకాణంలో పనిచేసే హుస్సేన్ వలి కడపవాడు. ఆమెను కాటా ఎక్కిస్తూ గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పుక్కా, ఆ గౌన్లు నీకు సరిపోతాయా?"

"రెండుపక్కలా బెత్తెడు లోపలికి కుట్టుకుంటా నాయనా. నోరు తెరిస్తే నా సెలవు పాయె. కానీయ్, తూకమెయ్."

శుక్రవారం సముద్రంలో పిల్లలు బోర్డుమీద నిలబడ్డారు. బాబా కూడా నిలబడ్డాడు. మామా వంతు వచ్చేసరికి బోర్డు నీళ్లలోంచి పైకి రానంది.

ఇంట్లో విచారణ జరిగింది. బోర్డు ఖరీదైనది, అది తప్పు చేయదు. మామా అసలే చేయదు. మునిలక్ష్మి ఈమధ్య చిక్కిపోయి తూకాన్ని తప్పుదోవ పట్టించిందని తేలింది. బోర్డు మార్చాలంటే మొదట తూగిన మనిషే మళ్లీ తూగాలని దుకాణంవాళ్లన్నారు. మామా కొత్త గౌను మునిలక్ష్మికి నిండుగా పట్టిన రోజు తూకం, ఆ మర్నాడు విమానం అని తీర్పు వచ్చింది.

"మామా, నా బిడ్డకి కాన్పు..."

"అందుకే తిను. యల్లా, తొందరగా!"

మునిలక్ష్మి తింది. కూతురి పురుటికోసం ఇంత తిన్న తల్లి సీమలో ఇంకొకతి ఉండదు. పొద్దున మీగడ, ఖర్జూరం. మధ్యాహ్నం మాంసం కలిపిన అన్నం. ఇక చాలనిపించినా నీళ్లతో మింగింది. పర్యవేక్షణకు మామా స్వయంగా ఎదురుగా కూర్చునేది. ఉత్తినే కూర్చోవడం మర్యాద కాదని తనూ ఓ పళ్లెం పెట్టించుకునేది. మునిలక్ష్మి ఆ గౌనుకు చేరేసరికి మామా ఇంకా వదులైన గౌను కుట్టించుకుంది. నిబంధన ప్రకారం కొత్త గౌనే లెక్క.

ఈలోగా మనవరాలు పుట్టింది. మధ్యాహ్నం భోజనం వేళ గంగాదేవి వీడియో కాల్‌లో పసిగుడ్డును చూపించింది. ఆ తర్వాత తల్లిని ఎగాదిగా చూసింది.

"రమ్మంటే రాకపోతివి. బాగా ఒళ్లు చేసినావు మా. ఆడ నీకు బాగానే జరుగుతాండాది."

మునిలక్ష్మి నీళ్లగ్లాసు అందుకుంది. నోట్లో ముద్ద ఉంది.