సైదమ్మ పాకవిజయము

వినుడు, మూకుడే రణరంగమై, గరిటెయే ఖడ్గమై సాగిన సమరగాథను వినుడు! పందొమ్మిదివందల అరువది రెండవ సంవత్సరమున, జ్యేష్ఠమాసమున, తొలకరి మబ్బులు నల్లగొండ గుట్టలపై నల్లగొంగళ్లవలె పరచుకొనిన దినమున, కేతేపల్లి గ్రామమున, ఏబది గొఱ్ఱెల కధిపతియైన గుర్వయ్య యింట, అతని భార్య సైదమ్మ పొయ్యి రాజేసెను.

కారణ మిది. వారి పదునొకండేండ్ల కూతురు ఉప్పలమ్మ నల్లగొండలో హాస్టలునందుండి చదువుచుండెను. కిందటి యేడు తల్లి చేసి పంపిన నువ్వులముద్దలను వారము తిరుగకమున్నే బూజను దుష్టశత్రువు ముట్టడించెను. సందెవేళ నోట వేసికొనుటకేమియు లేక బాలిక చిక్కిపోయెను. సెలవులలో దవాఖానకు గొనిపోగా, డాక్టరమ్మ కనురెప్ప తిప్పి చూచి రక్తము చాలదనెను. అంతట గుర్వయ్య మేఘగంభీరస్వరమున ఘోరప్రతిజ్ఞ చేసెను.

“ఈపారి గూడ పిల్ల గిట్లనే బక్కగయ్యిందనుకో, బడి బందే! నాతోని గొర్లెంబడి వస్తది. పట్నంల పెద్దోళ్ల ఇండ్లల్ల మంచుపెట్టెలుంటయట, అండ్ల పెడ్తె నెలైనా ఏం ఖరాబ్ కాదట. మనకేడిది?”

సైదమ్మ గరిటె పైకెత్తి పలికెను: “లేకుంటె మానె! నెల దినాలు చెడిపోకుంట నేను చేస్త. రేపు పొద్దుగాల నా బిడ్డ డబ్బ పట్టుకొనే బస్సెక్కుతది!”

వేగిన నువ్వులును పల్లీలును తాంబాళమున బారులు తీరెను. మూకుడులో బెల్లము కరగి, పొంగి, ఎఱ్ఱని బుడగలతో బుసకొట్టసాగెను. పాకము లేతదైన ముద్ద మెత్తబడును, ముదిరిన చేదగును. నడుమ నున్నది రెప్పపాటు కాలమే.

“దించు పిల్లా, మాడుతాంది!” అని అత్త నర్సింగమ్మ కేకవేసెను.

సైదమ్మ చల్లని నీట నొక చుక్క వేసెను. అది మైనమువలె సాగెను. దించలేదు.

“దించవేందే!” అని గుర్వయ్య గర్జించెను.

మరల చుక్క వేసెను. సాగలేదు, కాని వ్రేళ్లకు లొంగెను. దించలేదు. పొగ కన్నుల గప్పుచుండ, ఆ ధీర మూడవ చుక్కను చల్లార్చి తాంబాళపుటంచునకు కొట్టగా ఠంగుమని మ్రోగెను. తత్క్షణమే మూకుడు దిగెను; నువ్వులును పల్లీలును అందు కలిసెను.

అసలు గండ మప్పుడు వచ్చెను. వేడి చల్లారకమున్నే ముద్ద కట్టవలెను. అత్త దయతో నీళ్ల గిన్నె ముందుకు జరిపి, “చేతులు తడుపుకో, బొబ్బలెక్కుతయి,” అనెను.

“వద్దత్తా! పోయినపారి గీ తడితోనే బూజొచ్చింది.”

ఇట్లని యామె అరచేతులకు చుక్క నేయి రాచుకొని అగ్నితుల్యమైన ఆ రాశిలో చేయి పెట్టెను. నర్సింగమ్మ క్షణకాలము చూచెను. పిమ్మట గిన్నెను పక్కకు నెట్టి, “జర జరుగు,” అని తానును చేతులకు నేయి రాచుకొని కూర్చుండెను. ముప్పది ముద్దలు నిలిచెను. నాలుగు అరచేతులు కమిలెను. తెల్లవారి బిడ్డ డబ్బాతో బస్సెక్కెను.

ఎనిమిదవ దినమున కార్డు వచ్చెను. పోస్టుమాన్ మల్లప్ప వాకిట నిలిచి చదివెను: “అమ్మా, ముద్దలు మస్తుగున్నయి. హాస్టల్ల పిల్లలందరికి పెట్టిన. రెండోదినమే ఒడిసినయి. నాకు ఐదు దొరికినయి. మల్ల పంపు. జర ఎక్కువ పంపు.”

సైదమ్మ కమిలిన అరచేతులు చూచుకొనెను. “నెల దినాలు ఆగుతుండెనో లేదో తెల్వకనే పాయె,” అని నిట్టూర్చెను.

గుర్వయ్య గంభీరముగా నడిగెను: “బూజైతె రాలే గద?”

“రాలే.”

“మరింకేంది?” అని యతడు గొంగడి భుజాన వేసికొని లేచెను. “ఎన్ని నువ్వులు తేవాలె చెప్పు. ఈపారి నేను గూడ కడ్త.”

ఓ జనులారా, ముప్పది ముద్దలలో నొక్కదానినైనను బూజు తాకలేకపోయెను! రెండు దినములలో దానికి తీరిక చిక్కలేదన్నది వేరు మాట. జయము సైదమ్మదే!