సగం బొచ్చు పొట్టేలు, హైస్పీడ్ ఇంటర్నెట్

మా ఊరికి ప్రభుత్వం వారి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చేసిందన్న కబురు అందినప్పుడు మా వెంకటేశు పొట్టేలుకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. మాకు పెళ్లయి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. నేను పక్కనే కూర్చుని, లోకంలో ఇంత అందంగా బొచ్చు కత్తిరించే మగవాడు ఇంకొకడు ఉంటాడా అని మురిసిపోతున్నాను. కొత్త పెళ్లికూతుళ్లకు ఇట్లాంటి ఆలోచనలే వస్తాయి, క్షమించాలి. మొగుడి పేరు రాసినందుకు కూడా క్షమించాలి. మా అత్త వింటే ఊరుకోదు గానీ, ఆమె పేపరు చదవదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అంతలో వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. "ప్రతి ఇంటికీ హైస్పీడ్ ఇంటర్నెట్! పల్లెకూ పట్నానికీ ఒకే స్పీడు!"

వెంకటేశు కత్తెర అక్కడే పడేసి వీధిలోకి పరుగెత్తాడు. తిరిగొచ్చి, ఒకవైపు నున్నగా, ఒకవైపు గుబురుగా నిలబడ్డ పొట్టేలు వీపు మీద చెయ్యేసి మొక్కుకున్నాడు. "తల్లీ మహాలక్ష్మీ, మా ఇంట్లోకి నెట్ వచ్చినాకనే దీని మిగతా సగం కత్తిరిస్తా!"

మొక్కుకోడా మరి? నేను ప్రొద్దుటూరులో ఎంసీయే చదివాను. ఇంట్లో నెట్ ఉంటే బెంగళూరు కంపెనీ పని మా అరుగు మీద కూర్చునే చేసుకోవచ్చు. ఆయన గొర్రెల వెనక, నేను లాప్‌టాప్ ముందు, పొద్దు గూకితే ఇద్దరం ఒకే ఇంట్లో! నెట్ లేకపోతే నేను బెంగళూరు హాస్టల్లో, ఆయన ఇక్కడ మా పెద్దముడియం చేలల్లో. పెళ్లి చేసుకున్నది అందుకా?

అది మాఘమాసం నాటి మాట. మొన్న దసరా కూడా వెళ్లిపోయింది. పొట్టేలుకు కత్తిరించిన వైపు మళ్లీ బొచ్చు పెరిగింది. కత్తిరించని వైపు నేలకు తగులుతోంది. నెట్ మాత్రం ఇంట్లోకి రాలేదు.

అయ్యో పాపం అంటున్నారా? అనకండి! ఇంటింటికీ రావలసిన ఇంటర్నెట్ ఇంటికి రాకపోవడమంత అదృష్టం కొత్త దంపతులకు ఇంకొకటి లేదని నేను బల్ల గుద్ది చెబుతున్నాను.

ఎందుకు రాలేదో ముందు వినండి. మా ఊరు మొదట్లో ఒక కరెంటు స్తంభం ఉంది. అక్కడ దారి రెండుగా చీలి తూర్పు వీధి, పడమటి వీధి అవుతుంది. తూర్పు వీధికి పెద్ద ఓబులయ్య. పడమటి వీధికి పెద్ద చెన్నకేశవులు. ఆయనది ఒక పార్టీ, ఈయనది ఇంకో పార్టీ. ఈ వీధి వాళ్లు ఆ వీధిలో టీ కూడా తాగరు. మా ఇల్లు తూర్పు వీధిలో మొదటిది, ఆ స్తంభానికి ఎదురుగా.

కేబుల్ లాగడానికి ప్రొద్దుటూరు నుంచి ఫకీర్ సాహెబ్ అనే ఆయన వచ్చాడు. స్తంభం దాకా చక్కగా లాగి, కిందికి చూసి, అడగకూడని ప్రశ్న అడిగాడు. "ముందు ఏ వీధికి లాగల్లప్పా?"

"అడిగేదేముంది? మా వీధికే. గవర్నమెంటు మాది," అన్నాడు ఓబులయ్య. అప్పటికి ఆయన పార్టీయే అధికారంలో ఉంది.

"గవర్నమెంటు మీదైతే స్తంభం కూడా మీదేనా? మమ్మల్ని కాదని తీగ యాడికి పోతాదో చూస్తా!" అన్నాడు చెన్నకేశవులు.

"ఇది నీళ్ల పైపు కాదప్పా, ముందుండే వాళ్లకి ఎక్కువ వచ్చేదానికి. ఈడ ఒక డబ్బా పెడితే రెండు వీధులకీ ఒకేసారి పోతాది," అన్నాడు ఫకీర్ సాహెబ్.

ఓబులయ్యకు నిజంగానే బాధ కలిగింది. "రెండు వీధులకీ ఒకేసారి పోయేటట్టయితే మేం ఎలక్షన్ గెలిచింది ఎందుకప్పా?"

ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర ఉందా? ఫకీర్ సాహెబ్ మిగిలిన కేబులంతా బండి చక్రమంత చుట్ట చుట్టి, స్తంభానికి వేలాడదీసి, "మీరిద్దరూ ఒక మాట మీదికొస్తే నాకు ఫోన్ చేయండి," అని చెప్పి బండెక్కాడు. మా ఊళ్లో ఫోన్ కలవదన్న సంగతి ఆయనకు తెలియదు పాపం. తీగ దిగలేదు గానీ కార్యక్రమం ఆగుతుందా? ఓబులయ్య ఆ స్తంభానికే రిబ్బను కట్టి, కత్తిరించి, అందరికీ బూందీ పంచిపెట్టాడు.

ఆ రోజు నుంచి మా ఊరి హైస్పీడు ఆ స్తంభానికి వేలాడుతోంది. కాకులు వాలుతున్నాయి. మా అత్త మునెమ్మ నీళ్లకు పోయినప్పుడల్లా దాన్ని చూసి నిట్టూరుస్తుంది. "ఇంత మంచి తాడు ఊరికే ఎండకి ఎండిపోతాంది. నాలుగు మేకల్ని కట్టేసుకోవచ్చు."

ఇక లాభాలు చూడండి. మొదటిది శాంతిభద్రతలు! మా మామ చిన్నసుబ్బయ్య చెబుతుంటాడు. ఆయన వయసులో ఉన్న రోజుల్లో పగ రేగితే తెల్లారేసరికి ఎదుటివాడి చీనీతోట మొత్తం నరికేసి ఉండేదంట. ఇప్పుడు తోటల జోలికి ఎవరూ పోరు, తీగలు తెంచుతారు. మా ఊళ్లో అసలు తీగే లాగలేదు కాబట్టి తెంచే అవసరం ఎవరికీ రాలేదు. ఇంత ప్రశాంతమైన ఊరు జిల్లాలో ఇంకెక్కడుంది?

ఇక దాంపత్యం. ప్రొద్దుటూరులో మా అక్కా బావా రాత్రి భోజనాల దగ్గర చెరో ఫోను చూసుకుంటారు. పప్పు కావాలంటే బావ మెసేజ్ పెడతాడట! మాకు ఆ ప్రమాదం లేదు. సెల్ సిగ్నల్ కోసం సాయంత్రం మేమిద్దరం మిద్దె ఎక్కుతాం. నీళ్ల ట్యాంకు పక్కన, ఈశాన్యం మూల, ఒక మనిషి నిలబడేంత చోట మాత్రమే ఒక గీత దొరుకుతుంది. ఇద్దరం నిలబడాలంటే ఎంత దగ్గరగా నిలబడాలో మీరే ఊహించుకోండి! ఆయన ఫోను పైకెత్తి పట్టుకుంటాడు. నేను ఆయన్ని పట్టుకుంటాను. ఒక ఫొటో సగం దిగేలోపు ఆయన చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల కథ మొత్తం చెప్పేశాడు. ఏ హైస్పీడు ఇస్తుంది ఇంత సుఖం?

మా అత్త కూడా అంతే. ఫోన్లో సీరియల్ ఆడదు కాబట్టి తన అత్త తనను పెట్టిన బాధలన్నీ రోజుకొక భాగం చొప్పున నాకు చెబుతోంది. రేటింగ్ బ్రహ్మాండం. మధ్యలో ప్రకటనలు లేవు.

ఇంతలో ఎండాకాలంలో ఎలక్షన్లు వచ్చాయి. ఓబులయ్య పార్టీ ఓడింది, చెన్నకేశవులు పార్టీ గెలిచింది. గెలిచినాయన చేసిన మొదటి పని, అదే స్తంభానికి, అదే చుట్టకు కొత్త రిబ్బను కట్టి కత్తిరించడం. ఈసారి మైసూర్‌పాక్. రెండో పని, ఆ చుట్టలోంచి ఒకే ఒక్క తీగ తన ఇంట్లోకి లాక్కోవడం. మిగతా చుట్ట మళ్లీ వేలాడదీశారు.

అయితే పాఠకులారా, వైఫైకి పార్టీ లేదు! చెన్నకేశవులు మిద్దె మీది నుంచి అది గోడ దూకి, వీధి దాటి, సరిగ్గా మా అరుగు పడమటి చివరకు వచ్చి వాలింది. పాస్‌వర్డ్ కూడా మెల్లగా మా వీధికి దిగింది. ఎవరు దించారో ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, 'చెన్నకేశవులన్నజిందాబాద్'.

అమ్మమ్మా, ఏం దృశ్యం! ముప్ఫై ఏళ్లుగా పడమటి వీధి గాలి కూడా పీల్చని మనుషులు గోడలకానుకుని, అటూ ఇటూ చూసి, గబగబా చెన్నకేశవులుకు జిందాబాద్ కొట్టి, పాటలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. ఒకరోజు పొద్దున ఓబులయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకుని మా అరుగు చివర నిలబడ్డాడు. పుల్ల మొత్తం అరిగిపోయింది, ఆయన కదల్లేదు. ఫోను లోపల ఏదో పార్టీ మీటింగు వీడియో గట్టిగా మొదలయ్యేసరికి ఉలిక్కిపడి, "మీ అరుగు మీద గాలి బాగుంటాదమ్మా," అని వెళ్లిపోయాడు.

పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని చెన్నకేశవులుకు తెలియదా? బాగా తెలుసు. తన వైఫై మీద ఎన్ని ఫోన్లున్నాయో చూసుకుని, "తూర్పు వీధిలో కూడా నాకు మెజారిటీ వచ్చేసినాది!" అని పొంగిపోయాడంట. పాస్‌వర్డ్ మార్చితే ఆ ఓట్లన్నీ పోవూ?

ఒక్కటే చిక్కు. ఒక ఇంటికని ఇచ్చిన తీగ మీద ఊరు ఊరంతా వేలాడితే స్పీడు ఏమవుతుంది? గుండ్రంగా తిరుగుతుంది.

ఈ సమయంలో నాకు ఉద్యోగం వచ్చింది! పుట్టింటికి పోయి, ప్రొద్దుటూరు నెట్ మీద ఇంటర్వ్యూ ఇచ్చాను. కంపెనీ వాళ్లు సరే అన్నారు, ఒక షరతు మీద. మీరు పనిచేయబోయే ఇంట్లో కూర్చుని మాతో ఒక గంట వీడియోలో మాట్లాడండి, మధ్యలో తెగకూడదు, తెగితే వచ్చే సోమవారం బెంగళూరు ఆఫీసులో చేరండి అన్నారు. ఆ గంట రేపు పొద్దున పదింటికి.

నిన్న ఒకసారి ప్రాక్టీసు చేశాను. అరుగు చివర కుర్చీ, వెనక గోడకు నా పెళ్లి చీర అడ్డంగా కట్టి, ప్రొద్దుటూరులో ఉన్న నా స్నేహితురాలు షాహీదాకు వీడియో కాల్ చేశాను. నమస్తే చెబుదామని నోరు తెరిచాను. అక్కడే ఆగిపోయానట. చాలాసేపటికి ఆమె మెసేజ్ వచ్చింది. "ఏందే, ఆ ఆవలింత ఈరోజుకి అయిపోతాదా?"

నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. హాస్టల్‌కు ఏ పెట్టె తీసుకుపోవాలా అని మంచం కిందికి వంగి చూశాను. వెంకటేశు అది చూశాడు. లేచి దొడ్లోకి పోయి పొట్టేలు పక్కన కూర్చున్నాడు. పెళ్లికి ముందు ఆయన మాటలన్నీ దాంతోనే. అన్నం తినేవేళ లోపలికొచ్చి, "ఎల్లుండి పొట్టేలును కోస్తాం," అన్నాడు.

"ఎందుకు?"

"రెండు వీధులకీ కుందూ ఏటి ఒడ్డున కూర, సంగటి. ఆడ ఏ సిగ్నలూ రాదు. ఊరంతా ఆడుంటే, చెన్నకేశవులు నెట్ మొత్తం నీ ఒక్కదానికే."

"దాన్నా? అది నీ..."

"పొట్టేలు పోతే ఇంకోదాన్ని పెంచుకుంటా. నువ్వు పోతే?"

ఆయన అప్పటికే సబ్‌స్టేషన్ మనిషికి తలకాయా కాళ్లూ పంపిస్తానని మాటిచ్చి వచ్చాడట, ఆ గంట కరెంటు పోకుండా.

ఈరోజు పొద్దున మా అత్త రెండు వీధులూ తిరిగి పిలుపులు చెప్పింది. కొత్త కోడలికి ఉద్యోగం వచ్చింది, అందుకని రేపు విందు అంది. అందరూ వస్తామన్నారు. కానీ ఓబులయ్య గుమ్మంలోనే ఆపి అడిగాడు. "శానా సంతోషం మునెమ్మా. అయితే మొదటి ముద్ద ఏ వీధికి?"

చెన్నకేశవులు కూడా అక్షరం మార్చకుండా అదే అడిగాడు.

మళ్లీ అదే ప్రశ్న! ఇక పొట్టేలు కూడా ఆ చుట్ట పక్కనే వేలాడాల్సిందేనా?

మా అత్త ఏమాత్రం తడుముకోలేదంట. ఇద్దరికీ ఒకే జవాబు. "ఏ వీధి ముందు ఖాళీ అయితే ఆ వీధికి. ముసలీ ముతకా, ఫోన్లతో సహా. తొమ్మిదిన్నరకల్లా ఏరు కాడుండల్ల."

ఇప్పుడు మధ్యాహ్నం. ఓబులయ్య ఇప్పటికే రెండు ట్రాక్టర్లు మాట్లాడాడు. చెన్నకేశవులు నడవలేని వాళ్ల కోసం ఆటో పిలిపిస్తున్నాడు. ఎలక్షన్ రోజు కూడా ఇంత ఏర్పాటు లేదట.

కాబట్టి పాఠకులారా, ఇంటర్నెట్ లేకపోవడం వల్ల కలిగే లాభాలన్నీ ఇంతసేపూ చెప్పాను. అవన్నీ నిజమే. అవన్నీ నేను వదులుకుంటాను, మీలో ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను. అందరి దుడ్లతో కొన్న తీగ మా ఇంటి ఎదురుగానే వేలాడుతుంటే, ఒక గంట స్పీడుకు మాకు ఒక పొట్టేలు ఖర్చవుతోంది. రోజుకు ఎనిమిది గంటల ఉద్యోగం. మా మందలో పొట్టేళ్లు అన్ని లేవు. అందుకని రేపు సంగటి దగ్గర, ఇద్దరి నోట్లోనూ ముద్ద ఉండగా, మా అత్త ఆ చుట్ట సంగతి ఎత్తుతుంది. ఫకీర్ సాహెబ్‌ను కూడా భోజనానికి పిలిచాం, నిచ్చెనతో సహా రమ్మన్నాం.

రేపు తెల్లవారుజామున వెంకటేశు ముందు పొట్టేలుకు ఆ మిగతా సగం బొచ్చు కత్తిరిస్తాడంట. సగం మొక్కుతో దాన్ని పంపడానికి మనసొప్పడం లేదంట.

"నెట్ ఇంట్లోకి వచ్చినాక కత్తిరిస్తానని కదా మొక్కుకున్నావు? రాకముందే కత్తిరిస్తే ఎట్లా?" అని అడిగాను.

కత్తెర నూరుతూ, తలెత్తకుండా స్తంభం వైపు చూపించాడు. "ఆడ రిబ్బన్లు కత్తిరించలేదా ఏంది, రెండుసార్లు?"