ఎనిమిది పెట్టెలు పలకలేదు

"మల్లీ, ముప్పై పెట్టెల్లో ఒక్కటి పలక్కపోయినా నీ ఉద్యోగం పోతాదా?" అని సుబ్బరత్నమ్మ అడిగేటప్పటికి ఆటో ఇంకా రాచర్ల దాటలేదు.

కూతురు ఫోనులోంచి తల ఎత్తలేదు. చెప్పాల్సిందంతా నిన్ననే చెప్పింది. గిద్దలూరులో ఆమె పనిచేసే కంప్యూటర్ దుకాణం యజమాని మొదటిసారి ఆమెను ఒంటరిగా పనికి పంపుతున్నాడు. మార్కాపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ల్యాబులో ముప్పై కొత్త కంప్యూటర్లకు విండోస్ ఎక్కించాలి. ఒక్కోదాని ముందూ కూర్చోనక్కర్లేదు. పెద్ద మిషను దగ్గర మీట నొక్కితే వైర్ల గుండా అన్నింటికీ ఒకేసారి, అరగంటలో, దానంతట అదే ఎక్కుతుంది. కానీ నొక్కే ముందు ప్రతి కంప్యూటర్‌నూ అక్కడి నుంచి పిలిచి చూడాలి. అది పలకాలి. పలకని వాటిని అట్లే ఉంచి నొక్కితే పని సగంలో తెగి, అవి మొద్దుల్లా పడి ఉంటాయి. రెండు గంటలకు పరీక్షల అధికారులు చూడటానికి వస్తారు. అప్పటికి పూర్తయితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఒంగోలు నుంచి వేరేవాళ్లు వస్తారు, మల్లి ఇంటికి పోతుంది.

సుబ్బరత్నమ్మకు బాగా అర్థమైంది ఆ చివరి మాటే. అందుకే గొర్రెలను మరిదికి అప్పజెప్పి, క్యారియరు కట్టుకుని, కూతురు వద్దంటున్నా వెంట బయలుదేరింది.

కాలేజీ చేరాక మల్లి సంతకాలు పెట్టడానికి ప్రిన్సిపాలు గదికి వెళ్లింది. ల్యాబులో ఒంటరిగా నిలబడిన తల్లికి ఒళ్లు మండింది. ముప్పై కొత్త మిషన్లు, ఒక్కదానికీ బొట్టు లేదు. వాళ్లింట్లో బోరు మోటారు దగ్గర నుంచి మిక్సీ దాకా పసుపు కుంకుమ చూడకుండా కరెంటు చూసింది ఏదీ లేదు. ఇంత చదివిన కాలేజీకి ఇంగితం లేదా అని లోపల తిట్టుకుంటూ, సంచిలోంచి పొట్లాలు తీసి, సీసాలో నీళ్లతో పసుపు చిక్కగా కలిపింది. మొదటి వరసలో కంప్యూటర్ల వీపులు ఇటు తిరిగి ఉన్నాయి. ఆ రంధ్రాలన్నీ చూసి అదే ముఖం అనుకుంది. అన్నింటిలోకీ పెద్దగా, నలుచదరంగా ఉన్న రంధ్రాన్ని నుదురు కింద లెక్కేసి, వేలితో గట్టిగా అద్దింది. ఎనిమిదింటికి పెట్టేసరికి వరండాలో అడుగుల చప్పుడు వినిపించింది. మిగతా ఇరవై రెండింటి గతి ఏమవుతుందోనని బెంగపడుతూ పొట్లాలు దాచేసింది.

మల్లి చెప్పినట్టు అటెండరు దావీదు ముప్పై వైర్లూ చకచకా తగిలించాడు. మల్లి పెద్ద మిషను ముందు కూర్చుని ఒక్కొక్కటే పిలిచింది. ఇరవై రెండు పలికాయి. మొదటి వరసలో ఎనిమిది పలకలేదు. మళ్లీ పిలిచింది. మళ్లీ లేదు.

మొదటి వరస అనగానే సుబ్బరత్నమ్మ ఉలిక్కిపడింది. దేవుడి అండ ఉన్నవే ఆ ఎనిమిది. అవే పలకలేదంటే ఇది మనిషి చేసిన పనే. వైర్లు ముట్టిన మనిషి ఎదురుగానే ఉన్నాడు.

"ఏమయ్యా, తగిలించింది నువ్వే గదా. మా పాప మీద నీకేం పగ?"

"ఆ ఇరవై రెండు గూడా నేను తగిలించినవేనమ్మా" అన్నాడు దావీదు.

పలికినవాటి సంగతి ఎవరడిగారని ఆమె ఇంకా గొంతు పెంచింది. పదహారేళ్ల సర్వీసులో తనను ఇంత మాట అన్నవాళ్లు లేరని అతను తాళాల గుత్తి జేబులో వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

ఆ అరుపులకు ప్రిన్సిపాలు ఉమామహేశ్వర్లు వచ్చి, ల్యాబులో ఈమె ఎవరని మల్లి మీద మండిపడ్డాడు. సుబ్బరత్నమ్మ ఈసారి తప్పంతా కరెంటుదేనంది. కరెంటు మాట రాగానే ఎలక్ట్రీషియన్ కాటమరాజును పిలిపించారు. తన లైనుకు ఎవరో పల్లెటూరామె వంక పెట్టడమేమిటని అతనికి కోపం ముక్కు మీదికి వచ్చింది. మల్లి వద్దు వద్దంటున్నా మెయిన్ ఆపేసి, మళ్లీ వేసి, "చూసుకోండి, ఏం తక్కువైంది?" అన్నాడు.

ఇరవై రెండు తక్కువయ్యాయి. ఇప్పుడు ముప్పైలో ఒక్కటీ పలకలేదు.

వైర్లన్నీ కలిసే డబ్బా ఆరిపోయిందనీ, దాని బొత్తాం ఎవరైనా చేత్తో నొక్కాలనీ మల్లి చెప్పింది. అది వరండా చివరి చిన్న గదిలో ఉంది. దాని తాళం దావీదు దగ్గరే ఉంటుందన్నాడు ప్రిన్సిపాలు. గంట పన్నెండున్నర.

ఈలోగా మల్లి మొదటి వరసలో ఒక వైరు ఊడదీసింది. దాని మొనకు పచ్చటి ముద్ద అంటుకుని వచ్చింది.

"అమ్మా, ఇదేంది?"

"నీ మంచికే పెట్టినా."

మల్లి అరవలేదు. తల్లికి అందుకే ఎక్కువ భయమేసింది. "పోయి దావీదు మామను పిలుచుకొని రా" అని, దూది తీసుకుని ఎనిమిది రంధ్రాలూ తుడవడానికి కూర్చుంది.

దావీదు సైకిల్ స్టాండు గట్టు మీద కూర్చుని గేటు వైపు చూస్తున్నాడు. సుబ్బరత్నమ్మ తప్పయిందంది. అతను తిరగలేదు. తప్పు తనదే అయినా మగాడికి ఇంత రోషం పనికిరాదంది. అతను ఇంకొంచెం అవతలికి జరిగాడు. క్యారియరు విప్పి కందిపప్పు అన్నం ముందు పెట్టింది. చూడలేదు. ప్రిన్సిపాలు వచ్చి మెమో ఇస్తానన్నాడు, కాటమరాజు వచ్చి తాళం పగలగొడతానన్నాడు. దావీదు ఇద్దరి మాటా వినిపించుకోలేదు. ఒంటిగంట దాటి పది నిమిషాలైంది.

ఆమె గట్టు పక్కన నేల మీదే కూలబడింది. గొంతులో పొద్దుటి వేడి లేదు.

"నన్ను ఎంతన్నా తిట్టన్నా. నా బిడ్డకు ఈ ఒక్కరోజే ఉంది. ఆ తాళం ఇయ్యి."

దావీదు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరి ముఖం తీరిగ్గా చూశాడు.

"తాళమెందుకమ్మా? పని ఉందని ఆ గది పొద్దున్నే తీసి పెట్టినా. ఎవరన్నా తలుపు నెట్టి చూసినారా?"

పొద్దుటి నుంచి అందరూ అందరి మీదా అరిచారు గానీ, ఆ తలుపు మీద చెయ్యి వేసినవాళ్లు లేరు.